సాండా నూనె కొనే మగానుభావులకు

మగతనం పెరుగుతుందని, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని రోడ్డు మీద బల్లి కొవ్వు కరిగించి అమ్ముతారే, అదే సాండా నూనె. మళ్లీ ఎవరో ఆ టైపు రీల్ పంపారు. ఫుట్‌పాత్ మీద గోనెపట్టా, దాని మీద నాలుగైదు బల్లులు, పక్కన స్టవ్ మీద చిన్న మూకుడు, చుట్టూ మగాళ్ల గుంపు. కామెంట్లలో ఒకడు "అన్నా, నిజంగా పనిచేస్తదా?" అంటాడు, ఇంకొకడు రేటెంత అంటాడు. కట్టేయకుండా పడేసిన బల్లులు ఎందుకు పారిపోవట్లేదని మాత్రం ఒక్కడూ అడగలేదు. పట్టుకున్నప్పుడే వాటి నడుం విరిచేస్తారు కాబట్టి. కాళ్లు కదలవు, ప్రాణం మాత్రం పోదు. సార్లకి కళ్లెదురుగా తీసిన తాజా కొవ్వు కావాలి కదా.

ఈ బల్లి పేరు సాండా. సైన్సు పేరు సారా హార్డ్‌వికీ. మన దగ్గర దొరికేది కాదు, థార్ ఎడారిది. రాజస్థాన్, కచ్, సరిహద్దు అవతల పాకిస్తాన్. మూరెడు పొడవు, ఇసుక రంగు, తోక చుట్టూ వరసలు వరసలుగా ముళ్లు. వాలకం చూస్తే భయమేస్తుంది గానీ గడ్డీ ఆకులూ పూలూ తిని బతికే అమాయకపు జీవి. పిల్లగా ఉన్నప్పుడు, వానలు పడ్డప్పుడు పురుగులు తింటుంది, మిగతా కాలమంతా శాకాహారమే. బల్లుల్లో ఇలా శాకాహారం తినేవి చాలా అరుదు.

2016 మేలో రాజస్థాన్‌లోని ఫలోడీలో 51 డిగ్రీలు కొట్టింది చూడండి, ఆ ప్రాంతాల్లో బతుకుతుందిది. ఎలాగంటారా? ఇసుక దిబ్బల జోలికి పోదు, గట్టి నేల చూసుకుని ఏటవాలుగా రెండు మీటర్ల పైన బొరియ తవ్వుకుంటుంది. ఒక బొరియకి ఒకటే సాండా. లోపలికి పోయాక మూతికి మట్టి అడ్డం పెట్టేసుకుంటుంది, బయటి నుంచి చూస్తే అక్కడ బొరియ ఉందని కూడా తెలీదు. పొద్దెక్కాక ఆ మట్టి తోసుకుని ముందు తల ఒక్కటే బయటపెడుతుంది. ఆకాశంలో గద్ద ఉందేమో చూసుకోవాలిగా. అప్పుడు ఒళ్లంతా మబ్బు రంగులో ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ లేత పసుపులోకి తిరుగుతుంది. ఏదైనా తరుముకొస్తే బొరియలోకి దూరి ఆ ముళ్ల తోకని అడ్డం పెడుతుంది, పాముకైనా నక్కకైనా ఎదురయ్యేది ఆ ముళ్లే. గడ్డపారతో వచ్చిన మనిషికి మాత్రం అదేం లెక్క.

ఇక అసలు విషయానికొస్తా. చలికాలం వచ్చిందంటే సాండా బయటికి రాదు. ఫిబ్రవరి దాకా లోపలే, తిండి లేదు, ఏమీ లేదు. ఆ నెలలన్నీ దాన్ని బతికించేది తోక మొదట్లో, పొట్టలో పేరుకున్న కొవ్వే. వానాకాలంలో నాలుగు ఆకులు ఎక్కువ దొరికినప్పుడు కడుపు నిండా తిని దాచుకున్న గాదె అది. దాన్నే మీరు మూకుట్లో వేసి కరిగించి, చిన్న సీసాలో పోయించుకుని, నరాల బలహీనతకి మందు అని జేబులో పెట్టుకుని పోతున్నారు. కరిగించిన జంతువు కొవ్వు, అంతే. వంటింట్లో నెయ్యిలో ఉండే కొవ్వు ఆమ్లాల లాంటివే అందులోనూ ఉంటాయి. మోకాలికి రాసి గట్టిగా మర్దన చేస్తే కాస్త హాయిగానే ఉంటుంది, నువ్వుల నూనెతో చేసినా ఉంటుంది. ఆ రెండో పనికి, అదే మగతనానికి, వాడేవాళ్లకి చెప్పేది ఒకటే: ముందు షుగర్, బీపీ చూపించుకోండి బాబూ. చాలామందికి అసలు కారణం అక్కడే ఉంటుంది. డాక్టర్‌తో మాట్లాడటానికి సిగ్గు, నడిరోడ్డు మీద పదిమంది మధ్య నిలబడి బల్లిని కోయించుకోడానికి సిగ్గు లేదు.

పోనీ ఎడాపెడా పిల్లల్ని పెట్టే జీవా అంటే అదీ కాదు. వేసవిలో ఒక విడత గుడ్లు, పదో పదిహేనో, వానల నాటికి పిల్లలు బయటికొస్తాయి, వాటిలో పెద్దయ్యేవి కొన్నే. అక్కడ దీన్ని తినని జీవి లేదనుకోండి: గద్దలు, డేగలు, ఎడారి నక్కలు, ఆఖరికి బట్టమేక పిట్ట కూడా. ఆ పిట్ట ఒకప్పుడు మన ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులోనూ ఉండేది, దాని సంగతి ఇప్పుడు ఎత్తితే వేరే పోస్ట్ అవుతుంది. వీటన్నిటి కోసం తరాలుగా చస్తూ కూడా సాండా నిలదొక్కుకుంది. తవ్వి గోతాల్లో నింపుకుపోయే వేటకి తట్టుకోలేకపోతోంది. దానికి తోడు థార్‌లో ఇందిరాగాంధీ కాలువ నీళ్లొచ్చిన చోటల్లా దున్నకం మొదలైంది, ఇప్పుడు సోలార్ పార్కులు. గట్టి నేల, చదును నేల అందరికీ కావాలి. రైతునీ కరెంటునీ నేను తప్పుపట్టను, అవి అవసరాలు. మీ సీసా ఏ అవసరం?

"మా తాత వాడాడు, పన్నెండుమంది పిల్లలు" అని ఎవడో ఒకడు కామెంట్ పెడతాడని తెలుసు. మీ తాత ఇంటి పక్కన బల్లి నూనె వాడని తాతకి ఎంతమందో అది కూడా కనుక్కుని రా నాయనా.

ఉడుము విషయంలోనూ ఇదే గోల. నడుం నొప్పికి ఉడుము మాంసమని, నూనె అని. హత్తా జోడీ అని ఏదో చెట్టు వేరు పేరుతో అమ్ముతారే, పూజ గదిలో పెట్టుకుంటే డబ్బొస్తుందని, అది వేరు కాదు, మగ ఉడుము జననాంగం. తెలిసి కొంటున్నారో తెలియక కొంటున్నారో మరి.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం సాండా, ఉడుము రెండూ రక్షిత జీవులే. అమ్మేవాడి మీదే కాదు, నూనె సీసాతో దొరికినోడి మీదా కేసు పడుతుంది. ఇలాంటి బండి కనబడితే వీడియో తీసి నాకు పంపకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి.