సవరణ: రోలవుట్ ఆపితే పాత వెర్షన్ తిరిగి రాదు

యాప్ కొత్త వెర్షన్‌ని ముందు కొద్దిమందికే ఇచ్చి చూడాలని, తేడా కొడితే ప్లే స్టోర్‌లో రోలవుట్ (కొత్త వెర్షన్‌ని దశలవారీగా యూజర్లకి పంపడం) ఆపేస్తే అందరూ పాత వెర్షన్‌కి వెళ్లిపోతారని నిన్నటి పోస్టులో రాశాను. రెండో మాట తప్పు, క్షమించండి.

ఆపితే కొత్తవాళ్లకి వెళ్లడం ఆగుతుంది, అంతే. అప్పటికే అప్‌డేట్ అయినవాళ్ల ఫోన్లలో ఆ బగ్ అలాగే ఉంటుంది. వాళ్లని బయటపడేయాలంటే పాత కోడ్‌నే ఇంకా పెద్ద వెర్షన్ కోడ్‌తో (ఏది కొత్తదో ఆండ్రాయిడ్ పోల్చి చూసే నంబరు) మళ్లీ బిల్డ్ చేసి పంపాలి, ఎందుకంటే చిన్న నంబరున్నదాన్ని అప్‌డేట్‌గా ఆండ్రాయిడ్ తీసుకోదు. ఈలోగా కొత్త వెర్షన్ ఫోన్‌లోని డేటాబేస్‌ని మార్చేసి ఉంటే పాత కోడ్ దాన్ని చదవలేక క్రాష్ కావచ్చు, అసలు టెన్షన్ అక్కడే. అందుకే రిస్క్ ఉన్న ఫీచర్‌ని సర్వర్ నుంచి ఆపగలిగే ఫ్లాగ్ (ఆన్/ఆఫ్ స్విచ్ లాంటిది) వెనక పెట్టమంటాను.

ఐఫోన్‌లో దశలవారీగా పంపితే మొదటి రోజు 1 శాతం మందికే వెళ్తుందని అదే పోస్టులో నేనన్నదీ సగమే నిజం. 7 రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 శాతంగా పెరిగే ఆ లెక్క ఆటోమేటిక్ అప్‌డేట్లకే వర్తిస్తుంది; యాప్ స్టోర్‌కి వెళ్లి తామే అప్‌డేట్ నొక్కేవాళ్లకి మొదటి రోజే వచ్చేస్తుంది, మీరు పాజ్ చేసినా సరే.