తాళాన్ని కాదు, కాపలాదారుని చూస్తున్నారు

2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రొయిండ్ అనే ఇంజనీర్‌కి తన టెస్ట్ మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి సురక్షితంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందని అనుమానం వచ్చింది. ఆయన పని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద, సెక్యూరిటీ మీద కాదు. అయినా ఆ అర సెకనును వదిలెయ్యకుండా తవ్వుకుంటూ వెళ్తే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దాచిపెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడింది. అప్పటికే అది డెబియన్, ఫెడోరా అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల (డిస్ట్రిబ్యూషన్ల) టెస్టింగ్ వెర్షన్లలోకి చేరిపోయింది. ఇంకొన్నాళ్లు ఎవరూ చూడకపోతే అందరూ వాడే స్టేబుల్ వెర్షన్లకూ పాకేది, అప్పుడు లెక్కలేనన్ని సర్వర్ల తాళంచెవి ఎవరో తెలియని ఒకరి జేబులో ఉండేది.

ఈ కథలో అందరూ అర సెకను గురించే చెప్పుకుంటారు. నన్ను వదలనిది మాత్రం అంతకు ముందు రెండున్నరేళ్లలో జరిగింది. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో నడిపింది లాసె కాలిన్. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి చిన్న చిన్న ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపడం మొదలుపెట్టారు. 2022లో ఇంకొన్ని కొత్త పేర్లు ప్రత్యక్షమై, ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయి, నీకు ఆసక్తి లేకపోతే ఇంకొకరికి అప్పగించొచ్చు కదా అని కాలిన్ మీద ఒత్తిడి పెట్టాయి. తన ఆరోగ్యం సరిగా ఉండటం లేదని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అని ఆయన సమాధానం రాశారు. ఆ ఇబ్బందినే వాళ్లు వాడుకున్నారు. సాయం చేసే చెయ్యి దొరికిందని నమ్మి ఆయన కొంచెం కొంచెంగా బాధ్యతలు అప్పగించారు, చివరికి రిలీజ్ చేసే అధికారం కూడా జియా టాన్ చేతికి వెళ్లింది.

కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి తప్పు దాగదు అని మనం చాలాకాలంగా చెప్పుకుంటున్న మాట ఇక్కడ ఎలా బోల్తా కొట్టిందో చూడండి. బ్యాక్‌డోర్ అసలు భాగం పాడైన కంప్రెస్డ్ ఫైళ్లలా కనిపించే టెస్ట్ ఫైళ్లలో ఉంది. దాన్ని నిద్రలేపే బిల్డ్ స్క్రిప్ట్ (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే ఆదేశాల ఫైల్) అందరూ కోడ్ చూసే గిట్ రిపాజిటరీలో లేనే లేదు, విడుదల చేసే ఫైళ్ల మూటలో (రిలీజ్ టార్‌బాల్‌లో) మాత్రమే పెట్టారు. అంటే జనం చదివే కోడ్ ఒకటి, డిస్ట్రిబ్యూషన్లు తీసుకుని బిల్డ్ చేసేది ఇంకొకటి.

2025 సెప్టెంబర్‌లో, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచుకునే ఎన్‌పీఎంలో జరిగినదానికి ఇంత ఓపిక కూడా అవసరం పడలేదు. టూ ఫ్యాక్టర్ లాగిన్ అప్‌డేట్ చేసుకోండి అంటూ అసలుదానిలాగే ఉన్న డొమైన్ నుంచి ఒక మెయింటెయినర్‌కు (ప్యాకేజీల బాగోగులు చూసుకునే వ్యక్తికి) మెయిల్ వచ్చింది, ఆయన నమ్మారు, అంతే. చాక్, డీబగ్ లాంటి 18 ప్యాకేజీల్లోకి క్రిప్టో చెల్లింపులను దారి మళ్లించే కోడ్ దూరింది. వాటి వారం డౌన్‌లోడ్లన్నీ కలిపితే 200 కోట్ల పైమాటే. కొద్ది గంటల్లో పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అదే నెలలో షాయ్ హులుద్ అనే వార్మ్ వచ్చి, డెవలపర్ల టోకెన్లు (లాగిన్ తాళంచెవులు) దొంగిలించి, వాటితో ఆ డెవలపర్ల మిగతా ప్యాకేజీల్లోకి తనంతట తానే పాకుతూ 500కు పైగా ప్యాకేజీలను పాడుచేసింది. నవంబర్‌లో మళ్లీ వచ్చింది.

మెయిల్ నమ్మిన మనిషిని తిట్టడం తేలిక, నేను మాత్రం తిట్టను. రోజూ పదుల కొద్దీ నోటిఫికేషన్లు చూసుకుంటూ, ఉద్యోగం అయ్యాక రాత్రిపూట ఈ పని చేసే ఎవరైనా ఏదో ఒక రోజు ఆ లింక్ నొక్కుతారు. ఆ ఒక్క క్లిక్‌కు ఇన్ని కోట్ల డౌన్‌లోడ్లు కూలిపోయేలా వ్యవస్థను కట్టుకున్నది మనమే.

ఇప్పుడు అదే మనిషి నెత్తిన ఏఐ రిపోర్టులు కూడా పడుతున్నాయి. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ ప్రాజెక్టుకు బగ్ బౌంటీ (లోపం చూపిస్తే ఇచ్చే బహుమతి) ఆశతో ఏఐతో రాయించిన, లేని లోపాలను ఉన్నట్టు చూపించే రిపోర్టులు ఎంతగా వచ్చాయంటే కర్ల్‌ను నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ బృందం 2019 నుంచి నడుస్తున్న ఆ బౌంటీనే 2026 జనవరితో ఆపేసింది. ఏఐనే తప్పు పట్టడం కూడా సరికాదు. అదే కర్ల్‌లో 2025లో ఒక పరిశోధకుడు ఏఐ టూల్స్‌ను జాగ్రత్తగా వాడి పంపిన జాబితా వల్ల పదుల కొద్దీ తప్పులు సరిచేశారు, స్టెన్‌బర్గే దాన్ని మెచ్చుకున్నారు. తేడా టూల్‌లో లేదు, పంపేముందు ఒక మనిషి కూర్చుని పరిశీలించాడా లేదా అన్నదే తేడా. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను చదివే లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 లైబ్రరీ మెయింటెయినర్ అయితే 2025 జూన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, సెక్యూరిటీ బగ్‌లను కూడా ఇక మామూలు బగ్‌లలాగే చూస్తానని, రహస్యంగా ఉంచి గడువులోపు సరిచేసే చాకిరీ జీతం లేకుండా చెయ్యలేనని ప్రకటించారు. కొందరు బాధ్యతారాహిత్యం అన్నారు. నాకైతే అది నిజాయితీ అనిపించింది, ఎందుకంటే ఆ లైబ్రరీని వాడుకునే పెద్ద కంపెనీలకు ఆ పని చేయించుకునే స్తోమత ఎప్పటినుంచో ఉంది.

ఎన్‌పీఎం ఘటనల తర్వాత, కొత్త వెర్షన్ వచ్చిన కొన్ని రోజుల వరకు ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఆగే పద్ధతి పెరిగింది, ఆ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పీఎన్‌పీఎం టూల్ దానికి ఒక సెట్టింగే ఇచ్చింది. మంచిదే, పెట్టుకోండి. కానీ ఎక్స్‌జెడ్ విషపు వెర్షన్ ఫిబ్రవరిలో వస్తే బయటపడేసరికి ఐదు వారాలు పట్టిందని మర్చిపోవద్దు. వారం ఆగితే వార్మ్‌లు చిక్కుతాయేమో గానీ రెండేళ్లు నమ్మకం సంపాదించుకుని వచ్చినవాడు చిక్కడు. వాడిని ఆపాలంటే రిలీజ్‌ను రెండో మనిషి చూడాలి, ఆ రెండో మనిషికి జీతం ఇవ్వాలి.

ఇక్కడే డిజిటల్ ఉత్పత్తుల భద్రత కోసం యూరప్ తెచ్చిన సైబర్ రెజిలియన్స్ యాక్ట్ మీద నాకు ఆశ, భయం రెండూ ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన ఈ చట్టంలో దాడికి గురవుతున్న లోపాలను 24 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన 2026 సెప్టెంబర్ 11 నుంచి, మిగతావాటిలో ప్రధానమైనవి 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి. భారం ఉత్పత్తి అమ్ముకునే కంపెనీ మీద పెట్టారు, వ్యాపారం లేకుండా కోడ్ రాసేవాళ్ల మీద కాదు. అంతకన్నా నాకు నచ్చింది ఇంకొకటి: వాడుకున్న ఓపెన్ సోర్స్ భాగంలో లోపం కనబడితే కంపెనీ దాన్ని మెయింటెయినర్‌కు చెప్పాలి, తాను ఫిక్స్ రాసుకుని ఉంటే అది కూడా ఇవ్వాలి.

భయం ఎందుకంటే, లాగ్4జే అనే లైబ్రరీలో పెద్ద లోపం బయటపడిన గొడవ తర్వాత 2022 జనవరిలో ఒక పెద్ద కంపెనీ నుంచి స్టెన్‌బర్గ్‌కు ప్రశ్నల చిట్టా వచ్చింది, 24 గంటల్లో జవాబు ఇమ్మని. లాగ్4జే జావా లైబ్రరీ, కర్ల్ సీ భాషలో రాసింది, రెండింటికీ సంబంధమే లేదు. సపోర్ట్ కాంట్రాక్ట్ తీసుకుంటే సంతోషంగా జవాబిస్తానని ఆయన తిరిగి రాశారు. రేపు చట్టం పేరు చెప్పి ఇలాంటి చిట్టాలు వేలకొద్దీ మెయింటెయినర్ల ఇన్‌బాక్స్‌లో పడితే, కాపాడాలనుకున్న మనిషినే ఇంకా అలసిపోయేలా చేసినట్టవుతుంది. ప్రశ్నలు పంపే ఆ బృందాలకయ్యే ఖర్చులో కొంత పెట్టినా, జర్మనీ 2022 నుంచి సావరిన్ టెక్ ఫండ్‌తో చేస్తున్నట్టు నేరుగా ఈ పనికే డబ్బు ఇవ్వొచ్చు.

బ్యాక్‌డోర్ బయటపడ్డాక ఎక్స్‌జెడ్‌ను ఎవరు శుభ్రం చేశారో తెలుసా? లాసె కాలినే. జియా టాన్ పెట్టిన మార్పులన్నీ మళ్లీ పరిశీలించి, 2024 మే 29న ఆ బ్యాక్‌డోర్ లేని 5.6.2 వెర్షన్‌ను ఆయనే విడుదల చేశారు.