కొండ పటంలోని ఎర్ర రంగు గారికి

మహారాజశ్రీ ఎర్ర రంగు గారికి,

కొండచరియలు విరిగిపడే చోట్లను చూపే పటాల్లో, ముప్పు బాగా ఎక్కువున్న చోటల్లా పరుచుకున్న తమరి వైభవం చూసి ముచ్చటేసింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2023లో వెలువరించిన అట్లాసులో కొండచరియల ముప్పున్న జిల్లాల వరుసలో కేరళలోని వయనాడ్‌ది దేశంలో 13వ స్థానం. పశ్చిమ కనుమల్లో ఎక్కడ ఆచితూచి అడుగెయ్యాలో పర్యావరణవేత్త మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లోనే రాసిపెట్టింది. 2019లో అదే వయనాడ్‌లో పుత్తుమల ఊరి మీద కొండచరియ కూలింది. ఇంత చరిత్ర ఉన్న తమరిని, భవనానికి అనుమతి రాసే బల్ల దగ్గర ఎవరూ కూర్చోమనలేదు. అక్కడ సర్వే నంబరుకు, రుసుము రసీదుకు మాత్రమే కుర్చీలు వేస్తారు.

2024 జూలై 30 తెల్లవారుజామున ఆ జిల్లాలోనే ముండక్కై, చూరల్‌మల ఊళ్లు మట్టిలో కలిశాయి. దాదాపు 1,550 మీటర్ల ఎత్తున జారిన కొండ, ఏటి వెంట సుమారు 8 కిలోమీటర్లు పరుగెత్తిందని ఉపగ్రహ చిత్రాలతో చూపినదీ ఆ హైదరాబాద్ కేంద్రమే. తమరితో నా పేచీ ఇక్కడే. కొండ ఎక్కడ జారవచ్చో చెబుతారు, జారినది ఎంతదాకా వస్తుందో చెప్పరు. ఆ రాత్రి బలైన ఊళ్లు కొండ జారిన చోట లేవు, కింద ఏటి ఒడ్డున ఉన్నాయి.

పైగా తమరి కొలత 1:50,000. పటం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. అయిదు సెంట్ల స్థలం అందులో పెన్సిలు మొనంత కూడా ఉండదు. దాని యజమాని పటం మీద వేలు పెట్టి “మాది ఎరుపులో లేదు, పసుపులో ఉందండీ” అంటే కాదనగల మొనగాడెవరు?

అదే ఏడాది ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు తీశాయి. ఆ ఊళ్లో కొండవాలు ఇళ్లకు మెట్లు వచ్చాయి, కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను నోటీసు ఠంచనుగా వస్తుంది. రానిది తమరే. (పేదవాడు కొండెక్కింది చల్లగాలికి కాదు లెండి, కింద సెంటు ధర అందక.)

కాబట్టి తమరు గోడ దిగి, సర్వే నంబర్లు వెంటబెట్టుకుని, ప్లాను మీద సంతకం పడేలోపే ఆ బల్ల దగ్గరకు దయచేయాలి. కొండ పాదాన్ని తవ్వే జేసీబీకి, వాన నీరు దిగే వాగును పూడ్చే లారీకి తమరిని పరిచయం చేయాలి. జరిగాక పరామర్శకు వచ్చేవారికి కొదవ లేదు.

ఇట్లు,
కొండ కింద స్థలం వెతుక్కుంటున్న ఒక సామాన్యుడు

తా.క.: నిన్న ఒక లేఅవుట్ కరపత్రంలో ఎర్ర రంగు చూసి తమరేనని సంబరపడ్డాను. చదివితే “కొద్ది ప్లాట్లే మిగిలాయి” అని ఉంది.