కలిసి పనిచేయాల్సినవాళ్లు కలిసి చదవొద్దా?

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దాయన్ని డిశ్చార్జి చేయాలి. కుట్లు మానాయి, ఎక్స్‌రే బాగుంది, ఇంటికి పంపేయొచ్చు అంటాడు డాక్టర్. రాత్రిపూట బాత్రూముకు లేచినప్పుడల్లా ఆయన తూలుతున్నాడని నర్సుకు తెలుసు. మెట్లు ఎక్కలేడని ఫిజియోథెరపిస్టుకు తెలుసు. ఆ తూలడానికి నిద్రమాత్ర కారణం కావచ్చని ఫార్మసిస్టు చెప్పగలడు. ఈ నలుగురూ మాట్లాడుకోకపోతే పెద్దాయన ఇంట్లో మళ్లీ పడే ప్రమాదం ఉంది. ఎవరి పని వాళ్లు సరిగ్గా చేసినా సరే.

ఆరోగ్య వృత్తుల విద్యార్థులు కలిసి చదవాలనడానికి కారణం ఇదే. ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి లెక్చర్ ఇస్తే ఇది జరగదు. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన పక్కవాడి పని అర్థం కాదు కదా! స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయం 1986లో ఉమ్మడి బోధన మొదలుపెట్టి, 1996లో ఏకంగా ఒక వార్డునే విద్యార్థులకు అప్పగించింది. అక్కడ మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి కోర్సుల విద్యార్థులు సీనియర్ల పర్యవేక్షణలో నిజమైన రోగులను కలిసి చూసుకుంటారు. నాకు నమ్మకం ఉన్నది ఈ పద్ధతి మీదే.

ఆధారాలు ఇంకా బలంగా లేవన్నది నిజం. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ ఈ ఉమ్మడి చదువుపై 2013లో చేసిన సమీక్షకు పనికొచ్చిన అధ్యయనాలు 15 మాత్రమే. వాటిలో స్పష్టంగా మేలు కనిపించింది ఏడింటిలో. అయినా ఆగిపోవడానికి అది కారణం కాకూడదు. కత్తి పెట్టేముందు ఆపరేషన్ థియేటర్లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, పాత్ర చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టులో రాసి పెట్టాల్సి వచ్చింది. 8 నగరాల ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టు వాడాక ఆపరేషన్ మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఆ ఘనత అంతా పరిచయాలదే అనలేం. కానీ ఏళ్ల తరబడి చదువుకుని వచ్చినవాళ్లకు ఇంత చిన్న విషయం కాగితం మీద గుర్తు చేయాల్సి వచ్చిందంటే, లోపం చదువులోనే ఉంది.

అసలు చిక్కు టైంటేబుల్, పరీక్షలు. ఏ కోర్సు సిలబస్ దానిది, ఏ కాలేజీ సెలవులు దానివి. మార్కులు లేని క్లాసును విద్యార్థులు సీరియస్‌గా తీసుకోరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అందుకే ఫైనల్ పరీక్షలోనే ఒక ఉమ్మడి ప్రాక్టికల్ ఉండాలి. డోసు తప్పు పడిందని నర్సింగ్ విద్యార్థి ఎలా చెబుతుందో, మెడికల్ విద్యార్థి దాన్ని ఎలా వింటాడో చూసి, ఇద్దరికీ కలిపి ఒకే మార్కు వేయాలి.