రెండో బాణం ఎవరు వేశారు?

హనుమకొండలో ఒక అక్కా తమ్ముడూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటే ఎలా ఉంటుందో ఊహించి రాసిన సంభాషణ ఇది. అక్క సుభద్ర ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. చాలా ఏళ్లుగా విపశ్యన ధ్యానం చేస్తోంది. ఊపిరినీ, ఒంట్లో తెలిసేవాటినీ ఊరికే గమనించే బౌద్ధ పద్ధతి అది. తమ్ముడు మోహన్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, ఉద్యోగ సంఘంలో గట్టిగా పనిచేసే మనిషి. నా మొగ్గు సుభద్ర వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే మోహన్ అడిగిన వాటిలో కొన్నింటికి నా దగ్గర కూడా తేలికైన జవాబు లేదు. వాటిని మెత్తబరచకుండా అలాగే ఉంచాను.

మోహన్: మొన్న మా కాలేజీలో ఎవరో ఒకాయన్ని పిలిపించి మనశ్శాంతి మీద క్లాసు చెప్పించారక్కా. ‘బాధ బయట లేదు, మీ ఆలోచనలోనే ఉంది’ అన్నాడు. మా కాంట్రాక్టు లెక్చరర్లకు అప్పటికి మూడు నెలలుగా జీతాల్లేవు. ఒకతను లేచి, ‘మా ఇంటి అద్దె కూడా ఆలోచనలోనే ఉందా సార్?’ అని అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు. నువ్వు రోజూ చెప్పేది కూడా ఇదే కదా?

సుభద్ర: ఇది కాదు. బుద్ధుడు రెండు బాణాల గురించి చెప్పాడు. మొదటిది ఒంటికి తగిలేది. రోగం, నష్టం, మీవాళ్లకు రాని జీతం, అన్నీ అందులోకే వస్తాయి. రెండోది, ఆ దెబ్బ తగిలాక మనసు తనకు తాను వేసుకునేది. ‘నాకే ఎందుకు, ఇంకెన్నాళ్లు, ఇక నా పని అయిపోయింది’ అనేది. మొదటి బాణం లేదని బుద్ధుడు ఎక్కడా అనలేదు. మీ కాలేజీకి వచ్చినాయన అది లేదన్నాడు. అక్కడ ఆయనదే తప్పు.

మోహన్: లేదనడానికి వీలుగా ఉంది కాబట్టే అన్నాడు. ఎప్పుడు చూసినా ఈ బోధ పైనుంచి కిందికే వస్తుంది. జీతం ఇవ్వాల్సినవాడు జీతం రానివాడికి చెప్తాడు. మొగుడు పెళ్లానికి చెప్తాడు. ‘నీ మనసు సరిచేసుకో’ అని కిందున్నవాడు పైవాడికి చెప్పడం నువ్వెప్పుడైనా చూశావా?

సుభద్ర: చూడలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎవరి నోట్లో పడి పాడైందన్నది ఒక ప్రశ్న, నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. నాకు నిజమని తెలిసింది వార్డులో. సర్జికల్ వార్డులో పొద్దున్నే డ్రెస్సింగులు మార్చేవాళ్లం. పుండుకు అంటుకుపోయిన కట్టు గుడ్డను లాగితే మనిషి మంచం మీంచి లేస్తాడు. అందుకని సెలైన్‌తో తడిపి, నానాక అంచు పట్టుకుని మెల్లగా తీస్తాం. కొందరు సిస్టర్లు మాట్లాడకుండా పని కానిచ్చేవాళ్లు. నేను ముందే చెప్పేదాన్ని: ‘ఇప్పుడు చల్లగా తగుల్తుంది, తర్వాత కాసేపు మంట, ఆ తర్వాత తగ్గుతుంది.’ పుండు అదే, చెయ్యి అదే. అలా చెప్పినప్పుడు మంచం కడ్డీని పట్టుకున్న వాళ్ల పిడికిలి వదులయ్యేది. చెప్పకపోతే సెలైన్ చుక్క పడకముందే పేషెంటు కాలు వెనక్కి లాక్కునేవాడు. ఇంకా తగలని దానికి లాక్కోవడం ఏమిటి? మనసు ముందే నొప్పిని తయారుచేసి పెట్టుకుంది కాబట్టి.

నేనొక్కదాన్నే చూసిన సంగతైతే నువ్వు నమ్మక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ డాక్టరు గాయపడిన సైనికుల్ని చూశాడు. 1946లో దాని మీద పేపరు రాశాడు. ఎముకలు విరిగినవాళ్లు, పొట్టలో గాయాలైనవాళ్లు. ‘నొప్పి తగ్గడానికి మందు కావాలా?’ అని అడిగితే నాలుగింట మూడొంతుల మంది అక్కర్లేదన్నారు. షాక్‌లో ఉండి తెలీక అన్న మాట కాదు, తెలివిగా మాట్లాడగలిగే వాళ్లనే అడిగాడు. అంత గాయానికి మందు వద్దన్నవాళ్లే, సూది గుచ్చేవాడికి నరం సరిగా దొరక్కపోతే మామూలు మనుషుల్లాగే విసుక్కునేవాళ్లట. నర్సుగా నాకు ఆ ముక్క దగ్గరే నమ్మకం కుదిరింది. ఒళ్లు మొద్దుబారలేదన్నమాట. గాయం మాత్రం వాళ్లకు వేరేగా తెలిసింది.

మోహన్: ఎందుకు వేరేగా తెలిసిందో కూడా చెప్పు మరి. గాయమైతే యుద్ధం నుంచి బయటపడ్డట్టే, ప్రాణాలతో ఇంటికి పోవచ్చు. అదే గాయం ఊళ్లో లారీ గుద్ది అయితే కూలీ పోతుంది, అప్పవుతుంది, కాబట్టి నొప్పి ఎక్కువ. వాళ్లేమీ కళ్లు మూసుకుని కూర్చుని శాంతి తెచ్చుకోలేదక్కా. వాళ్ల పరిస్థితి మారింది. నువ్వు చెప్పిన ఉదాహరణ నా మాటకే సాక్ష్యం. బతుకు మార్చు, మనసు దానంతటదే కుదురుకుంటుంది.

సుభద్ర: సగం నీకే సాక్ష్యం, కాదనను. మిగతా సగం చూడు. ఇంటికి పంపిస్తారన్నది ఒక వార్త. ఆ వార్త వెళ్లి విరిగిన ఎముకను అతికించలేదు. అది పనిచేసింది గాయం మీద కాదు, గాయానికి వాళ్లు చెప్పుకున్న అర్థం మీద. అర్థం మారితే నొప్పి మారుతుందని నువ్వు ఒప్పుకున్నట్టే. ఇక మిగిలిందల్లా, ఆ అర్థం బయటివాడు మారిస్తేనే మారుతుందా, లోపలినుంచి చూస్తే కూడా మారుతుందా అన్నదే.

మోహన్: మారుతుందని రుజువేదీ?

సుభద్ర: మళ్లీ మళ్లీ డిప్రెషన్ వచ్చేవాళ్ల మీద టీజ్‌డేల్, సీగల్, విలియమ్స్ అనే సైకాలజిస్టులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. ‘నేను పనికిరానివాణ్ణి’ అన్న ఆలోచన వచ్చినప్పుడు దాన్ని నిజం కింద తీసుకోకుండా, ఆలోచన వచ్చింది అని గమనించడం నేర్పించారు. అంతకుముందు మూడుసార్లు గానీ అంతకంటే ఎక్కువగానీ జబ్బు పడినవాళ్లలో, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకు 66 శాతం మందికి మళ్లీ వచ్చింది. ఇది నేర్చుకున్నవాళ్లలో 37 శాతం మందికే వచ్చింది.

మోహన్: రెండుసార్లే జబ్బు పడినవాళ్ల సంగతి?

సుభద్ర: వాళ్లకు ఉపయోగం కనబడలేదు.

మోహన్: చూశావా! అందరికీ పనిచేసేది కాదు. కొందరికి ఎక్కువసేపు కూర్చుంటే భయాలు ముదురుతాయి కూడా. మీ పది రోజుల విపశ్యన శిబిరం దరఖాస్తులోనే మానసిక జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతారు, ఎందుకు? ఏమీ కాదనుకుంటే అడగరు కదా. అయినా ఆ శిబిరం డబ్బూ తీరికా ఉన్నవాళ్ల సంగతి. పది రోజులు పనులన్నీ మానుకుని, ఫోన్ అప్పగించి, హైదరాబాద్ అవతల నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న మీ సెంటర్లో మౌనంగా కూర్చోవడానికి అడ్డా మీద నిలబడే కూలీకి కుదురుతుందా?

సుభద్ర: అక్కడ ఫీజు లేదురా. తిండికీ వసతికీ పైసా తీసుకోరు.

మోహన్: పది రోజుల కూలీ ఎవరిస్తారు? సరే, కూలీ సంగతి వదిలెయ్. నువ్వు వెళ్లినప్పుడు అమ్మకు షుగర్ పడిపోయింది. అర్ధరాత్రి ఆటోలో ఎత్తుకెళ్లింది నేనూ, మీ మరదలూ. నీకు కబురు చెయ్యడానికి ఫోన్ లేదు.

సుభద్ర: సెంటర్ నంబరు ఫ్రిజ్ మీద అంటించి వెళ్లాను. చేస్తే పిలిచేవాళ్లు.

మోహన్: ఎందుకులే, అక్క ప్రశాంతంగా ఉంది అనుకున్నాం.

సుభద్ర: మోహనూ, అమ్మను ఏడాదంతా చూసుకునేది నేను. ఇన్సులిన్ నేనే ఇస్తాను, పాదాలు నేనే చూస్తాను, గోళ్లు నేనే తీస్తాను. నువ్వు సంఘం మీటింగులని హైదరాబాద్ పోయినప్పుడు నేనెప్పుడూ లెక్క చెప్పలేదు.

మోహన్: నేనూ లెక్క కోసం చెప్పట్లేదు. ఒకరు శాంతి కోసం పక్కకు తప్పుకుంటే ఆ బరువు ఇంకొకరి మీద పడుతుంది. మీ పాఠాల్లో ఆ ఇంకొకరి మాటే ఉండదు. అది చెప్తున్నా.

(ఈ ముక్కకు సుభద్ర వెంటనే బదులివ్వలేదు. ఇక్కడ నేను ఆమె తరఫున ఏదో ఒకటి రాసి పెట్టగలను. కానీ మోహన్ అన్నది మా ఇళ్లన్నింటిలోనూ నిజం, ఎక్కువసార్లు ఆ బరువు ఆడవాళ్ల మీదే పడుతుంది.)

సుభద్ర: నువ్వన్నది వినాల్సిన మాటే. అందుకే పది రోజుల సంగతి పక్కన పెట్టి, అక్కడ ఏం తెలిసిందో అది చెప్తాను. మొదటి మూడు రోజులూ ఊపిరి చూడటమే. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా గమనించాలి. రోజుకు మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవాలి, దాన్ని అధిష్ఠానం అంటారు. నాకు అరగంట దాటితే మోకాలు మండిపోయేది. లేచి పారిపోవాలనిపించేది. ఒకసారి పారిపోకుండా ఆ మంటనే చూశాను. చూస్తే అందులో ఒకచోట వేడి, ఒకచోట పోటు, ఒకచోట తిమ్మిరి. ఒక్కటీ నిలకడగా లేదు, క్షణక్షణం మారుతోంది. నిలకడగా ఉన్నది ఒక్కటే, ‘గంట ఎప్పుడు కొడతారు’ అన్న మాట. మోకాలి కంటే ఆ మాటే ఎక్కువ బాధపెడుతోందని తెలిసింది. నొప్పి పోలేదురా. దానితో కొట్లాట పోయింది. అంతే నేను శాంతి అనేది, ఇంతకంటే పెద్దది నేనేమీ చెప్పట్లేదు. ఆ తర్వాత అమ్మ రాత్రి మూడోసారి పిలిచినప్పుడు కూడా ‘మళ్లీనా’ అన్న మాట వస్తుంది. వచ్చిందని తెలుస్తుంది. తెలిసినప్పుడు గొంతు కటువుగా రాదు. తెలియని రోజుల్లో కటువుగానే వస్తుంది. దీనికి సెలవు అక్కర్లేదు, అడ్డా కూలీకి కూడా మనసుంది. కోపం వచ్చినప్పుడు తన లోపల ఏం జరుగుతోందో చూసుకునే తీరిక అతనికి లేదనడం కూడా అతన్ని తక్కువ చేయడమే.

మోహన్: మోకాలి నొప్పి సంగతి బాగానే ఉంది. నేను 2019 అడుగుతాను. ఏప్రిల్ 18న ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్ అన్నారు. చక్కగా చదివే అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూడాల్సి వచ్చింది, వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈలోపు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మెమోలో ఉన్న సున్నా ఎవరి మనసూ కల్పించింది కాదు. కంప్యూటర్‌లో తప్పు, దిద్దడంలో తప్పు. ఆ పిల్లల తల్లిదండ్రుల ముందు నిలబడి రెండో బాణం గురించి చెప్పగలవా నువ్వు?

సుభద్ర: చెప్పను. ఏ ముఖం పెట్టుకుని చెప్తాను? ఆ మాట మనిషి తనకు తాను చెప్పుకోవాలి, లేదా అడిగినవాడికి చెప్పాలి. దెబ్బ తిన్నవాడికి అడక్కుండా చెప్తే అది నిందే అవుతుంది, దెబ్బ కొట్టినవాడే చెప్తే అంతకంటే ఘోరం. ఇందాక నువ్వన్న పైనుంచి కిందికి అన్న మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. కానీ నువ్వు 2019 అన్నావు కాబట్టి నేనొకటి అడుగుతాను. సున్నా తప్పు. ‘ఫెయిలైతే నేను బతికి లాభం లేదు’ అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? మెమోలో లేదు కదా. పదహారేళ్ల పిల్ల దాన్ని తనంతట తాను పుట్టించుకుందా? ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు ఊరంతా హోర్డింగులు కట్టింది ఎవరు? సెక్షన్లు మార్కుల ప్రకారం విడగొట్టి, కింది సెక్షన్ పిల్లలతో మాట్లాడటం మానేసింది ఎవరు? ‘పక్కింటి వాడికి ఎన్ని?’ అని అడిగింది ఎవరు? రెండో బాణాన్ని ఆ పిల్ల చేతికి అందించింది మనం. మనసు అనుభవాన్ని మలుస్తుందంటే, ఆ మనసును మలిచినవాళ్ల లెక్క కూడా తీయాలి. మీ కాలేజీకి వచ్చినాయన ఆ లెక్క తీయడు. నేను తీస్తాను.

మోహన్: అలాగైతే నువ్వు చెప్పేది మనశ్శాంతి పాఠం కాదు, మా సంఘం చెప్పేదే.

సుభద్ర: రెండూ కావాలి. ఆ లెక్క తేలేదాకా పిల్లలు ఆగలేరు. తప్పు దిద్దడానికి బోర్డుకు వారాలు పట్టింది. ఆ వారాలు ఆ పిల్లలు తమ తలలో ఏ మాటతో గడిపారు? ‘నా బతుకు అయిపోయింది’ అన్న మాట వచ్చినప్పుడు, ఇది ఒక మాట, ఇది వస్తుంది, పోతుంది, ఈ రాత్రి ఎవరి దగ్గరికైనా వెళ్లి కూర్చోవాలి అని వాళ్లకు ముందే ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. నేర్పితే అందరూ దక్కేవాళ్లని నేననను. కానీ నేర్పలేదు కదా మోహనూ. నీ ఫిజిక్స్ నేర్పారు, దాన్ని నేర్పలేదు.

మోహన్: నేర్పాలనే అంటున్నావు. సరే, రా. ఈసారి పరీక్షలకు ముందు మా కాలేజీకి వచ్చి చెప్పు. కానీ ‘బాధ మీ ఆలోచనలోనే ఉంది’ అన్న మాట నీ నోటివెంట వచ్చిందంటే అక్కడే లేచి అడ్డుపడతాను.

సుభద్ర: అడ్డుపడు. కానీ నేను ముందు మాట్లాడేది పిల్లలతో కాదు, మీ స్టాఫ్‌తో. తర్వాత తల్లిదండ్రులతో. వాళ్లిద్దరూ అయ్యాకే పిల్లల దగ్గరికి వస్తాను.

మోహన్: మా ప్రిన్సిపాల్ స్టాఫ్‌కు పీరియడ్ ఇవ్వడు. సిలబస్ అంటాడు.

సుభద్ర: మూడు నెలల జీతం కోసం ధర్నా చేసినవాడివి, ఒక పీరియడ్ అడగలేవా?

మోహన్: అడుగుతాను. సంక్రాంతి సెలవులయ్యాక పేరెంట్స్ మీటింగ్ ఉంది, అందులో అయితే కుదరొచ్చు. హోర్డింగుల సంగతి మాత్రం నేనే మాట్లాడతాను. నువ్వు మాట్లాడితే మర్యాదగా మాట్లాడతావు.