ఆ బల్ల మళ్ళీ వేయండి

ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమానికి వచ్చినవాళ్ళకి లాబీలో నా బల్ల గుర్తుండే ఉంటుంది. రిజిస్ట్రేషన్ దాటి, పట్టుచీరల స్టాల్ కూడా దాటాక, గోడవారగా. ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించిన పాత మానిటర్, రెండు కంట్రోలర్లు. పక్కనే మా అమ్మమ్మ తెనాలి నుంచి పంపిన వామనగుంటల పీట, స్టీలు గిన్నెలో చింతపిక్కలు. మధ్యాహ్నం రెండింటికి పెట్టాను, నాలుగున్నరకి తీయించారు. దీని గురించి కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను గేమ్ డెవలప్‌మెంట్ చదువుతున్నాను, మూడో సంవత్సరం. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకి మీ ఇళ్ళలో ఆడిన ఆట ఏదైనా తీసుకుని కంప్యూటర్ ఆటగా చేయమన్నారు. నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. వేసవి సెలవలకి వెళ్ళినప్పుడల్లా మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ హాల్లో చాప పరిచి ఆ పీట మధ్యలో పెట్టేది, వరసకి 7 చొప్పున రెండు వరసలు, 14 గుంటలు, గుంటకి ఐదేసి పిక్కలు. కరెంటు పోయినా ఆట ఆగేది కాదు. గింజ గుంటలో పడ్డప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది, దాన్ని ఆటలోకి తేవడానికే మూడు వారాలు పట్టింది. పీట మీద ఫోన్ పెట్టి రికార్డ్ చేస్తే పాడు చప్పుడు వచ్చింది. పీట కింద తువ్వాలు మడిచి పెట్టి, గింజని రెండంగుళాల ఎత్తు నుంచి వదిలితే గానీ అసలు చప్పుడు రాలేదు. గింజకీ గింజకీ మధ్య ఎంత వ్యవధి ఉండాలన్నది ఇంకో తలనొప్పి. వేగంగా పడితే పెద్దవాళ్ళ కళ్ళు అందుకోలేవు, నెమ్మదిగా పడితే పిల్లలు లేచి వెళ్ళిపోతారు. చివరికి సెకనులో నాలుగో వంతు దగ్గర ఆగాను. "రోజంతా గేములు ఆడతావా అమ్మా?" అని నన్ను అడిగేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనుకుంటాను, నిలబడి వినేవాళ్ళు తక్కువ.

సరే, ఆ రోజు. ముందు పిల్లలొచ్చారు, వాళ్ళ వెనకాలే ఆర్నెల్ల వీసా మీద ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు. మన కార్యక్రమాల్లో వాళ్ళకి పని ఏముంటుందో మీకు తెలుసు: ముందు వరసలో కుర్చీ, మెడలో ఒక శాలువా, మనవరాలి డాన్సు అయ్యేదాకా ఎదురుచూపు. గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారు కంట్రోలర్ ముట్టుకోనన్నారు. తొమ్మిదేళ్ళ మనవడు పట్టుకుంటే ఆవిడ వెనక నిలబడి "ఆ మూడోది తియ్యరా" అనడం మొదలుపెట్టారు. వాడు తీశాడు. గింజలు ఒక్కొక్కటే పడి, ఆఖరి గింజ తర్వాతి గుంట ఖాళీగా వచ్చింది. అప్పుడు ఆవిడ చెయ్యి తనంతట తనే లేచి, తెర ముందు గాల్లో ఆ గుంటని తుడిచింది. ఖాళీ గుంటని తుడిచి దాని పక్క గుంటలోవి తీసుకోవాలి కదా, అదే. ఎన్నేళ్ళయిందో ఆవిడ ఆడి, వేళ్ళు మరిచిపోలేదు.

ఇంతలో కరీంనగర్ నుంచి వచ్చిన ఇంకో పెద్దమ్మగారు ముందుకొచ్చి, "గిట్ల కాదమ్మా, మేము గుంటకు నాల్గే పెడ్తుంటిమి" అన్నారు. గుంటూరావిడ ఒప్పుకోలేదు. నేను అక్కడికక్కడే కోడ్‌లో 5ని 4 చేసి ఆట మళ్ళీ మొదలుపెట్టాను. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు, ఆట మారుతుందని వాళ్ళకి అప్పటిదాకా తెలియదు. ఇంట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడడని వాళ్ళమ్మ చెప్పిన ఆ తొమ్మిదేళ్ళవాడు "తుడువు, తుడువు!" అని అరుస్తున్నాడు. ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు, ఆటలో అవసరం పడి పట్టుకున్నాడు. నేను కూడా ఆదివారాలు తెలుగు నేర్పే మనబడికి వెళ్ళినదాన్నే, గుణింతాలు అక్కడే నేర్చుకున్నాను, ఆ టీచర్ల మీద నాకు చాలా గౌరవం. కానీ ఒక క్రియాపదం అవసరమై నోట్లోంచి ఊడిపడటం నేను క్లాసులో చూడలేదు.

అదే సమయానికి లోపల పిల్లల పెంపకం గురించి మాట్లాడటానికి పిలిచిన అతిథి మైకు అందుకున్నారు. లాబీలో కూడా స్పీకర్లున్నాయి. ఫోన్లు, గేములు మన పిల్లల బుర్రలు తినేస్తున్నాయని, ఆఖరికి పండగపూట లాబీలో కూడా అవే పెట్టుకున్నామని అన్నారు. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో చాలామంది చేతుల్లో స్టేజీని వీడియో తీస్తున్న ఫోన్లున్నాయి, అదీ చెప్పాలి. ఐదు నిమిషాల్లో కమిటీ అంకుల్ ఒకరు వచ్చి, "ఏమనుకోకమ్మా, ప్రసాదం ప్యాకెట్లకి బల్ల కావాలి" అన్నారు. నేను వైర్లు చుట్టుకుంటుంటే కరీంనగర్ పెద్దమ్మగారు "ఇంకా అయిపోలేదు కదా" అని అంకుల్ వంక చూశారు. కార్యక్రమం అయ్యేదాకా ఆ బల్ల మీద రాఫుల్ టికెట్ల డబ్బా ఒక్కటే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

భోజనాల దగ్గర ఎవరో "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అంటే నాన్న "కంప్యూటర్ సైన్స్" అన్నారు. ఇది ఎక్కువ గుచ్చుకుంది. కారులో అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ టైములో ఆ మాట చెప్పలేకపోయానమ్మా" అన్నారు. నాన్నని నేను తప్పుపట్టను. 2024 జనవరి నెల ఒక్కదాంట్లోనే మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, అమ్మే యూనిటీ 1,800 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి, ఆ వార్తలు రెండూ నాకు ఫార్వర్డ్ చేసింది ఆయనే. హెచ్‌1బీ మీద ఎన్నేళ్ళు టెన్షన్‌తో గడిపారో నేను చూశాను. ఆయన భయం ఉత్తది కాదు.

అతిథిగారి భయం కూడా ఉత్తది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 నుంచి అమల్లోకి వచ్చింది. చదువు, నిద్ర, మనుషులు అన్నీ వెనక్కిపోయి ఆటే ముందుకొచ్చి, మామూలుగా ఏడాదిపాటు అదే తంతు నడిస్తే దాన్ని జబ్బు అంటున్నారు. అలాంటివాళ్ళని నా చుట్టూ చూశాను. పిల్లల వేలు జారితే డబ్బు కట్ అయ్యేలా బటన్లు పెట్టడం ఎంత దారుణమో మాకు క్లాసులోనే చెబుతారు. ఫోర్ట్‌నైట్ అనే ఆట చేసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో ఇక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీతో 52 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది, అందులో 24.5 కోట్లు ఇలా బటన్లతో మోసపోయినవాళ్ళకి తిరిగివ్వడానికే. లోపల ఏముందో చెప్పకుండా డబ్బులకి పెట్టెలు అమ్మే పద్ధతిని బెల్జియం 2018లోనే జూదం కింద లెక్కగట్టింది. నేను ఉద్యోగంలో చేరాక అలాంటి బటన్ గీయమంటే గీయను. ఈ మాట అచ్చులో ఉండాలనే ఇక్కడ రాస్తున్నాను.

అసలు చిక్కు "గేములు" అన్న మాటలోనే ఉంది. ఇంగ్లీషులో జూదానికీ గేమింగే, పిల్లల ఆటకీ గేమింగే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఊళ్ళో ఎవరో కుర్రాడు రమ్మీ యాప్‌లో అప్పులపాలయ్యాడని ఫోన్లో విన్న అత్తయ్య ఇక్కడ నన్ను చూసి "గేములా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. తెలుగులో మనకి ఆట వేరు, జూదం వేరు. (పులిజూదం పేరులో జూదం ఉన్నా 3 పులులు, 15 మేకలు తప్ప అందులో పైసా ఉండదు.) ఆ తేడా మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు, మనమే ఇక్కడికొచ్చి మరిచిపోయాం. ఇంకో మాట కూడా అనేస్తాను. వీకెండ్ పార్టీల్లో బేస్‌మెంట్లో అర్ధరాత్రి రెండింటిదాకా డబ్బులు పెట్టి పేకాట నడుస్తుంది, పైన సోఫాల్లో పిల్లలు నిద్రపోతుంటారు. దాని గురించి మాట్లాడటానికి మనం ఏ అతిథినీ పిలవలేదు. ఆ అంకుల్స్ నన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళే, వాళ్ళంటే నాకు ప్రేమే. అయినా డబ్బు పెట్టి ఆడేది ఎవరో, చింతపిక్కలతో ఆడేది ఎవరో ఒక్కసారి చూడమంటున్నాను.

మనం ఉంటున్న చోటు కూడా చూడండి. ఫ్రిస్కోలో ఇళ్ళు కొనుక్కున్నాం, శనివారం హనుమాన్ గుడికి వెళ్తాం. అదే ఫ్రిస్కోలో 2016 నుంచి నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం ఉంది, ఆటలు తయారుచేసే గేర్‌బాక్స్ కంపెనీ ఆఫీసూ ఉంది. 1993లో డూమ్ అనే ఆటని చేసింది పక్కనున్న మెస్కీట్‌లో కొద్దిమంది కుర్రాళ్ళు. ఈ ఊళ్ళో ఇది పరాయి చదువు కాదు. ఇండియాలో కూడా, గేమ్ డెవలపర్ల పెద్ద సమావేశం చాలా ఏళ్ళు జరిగింది హైదరాబాద్‌లోనే.

తమిళులు చేసి చూపించారు కూడా. టొరంటోలో ఒక చిన్న స్టూడియో వెన్బా అని ఒక ఆట చేసింది, 2023లో వచ్చింది. 1980ల్లో కెనడాకి వలసొచ్చిన ఒక తమిళ తల్లి, సగం చెరిగిపోయిన వంటల పుస్తకం, ఇడ్లీతో మొదలవుతుంది. 2024లో బ్రిటన్‌లో సినిమాలకీ ఆటలకీ అవార్డులిచ్చే బాఫ్టా వాళ్ళు, మొదటి ఆట చేసినవాళ్ళకిచ్చే అవార్డు దానికి ఇచ్చారు. ఆ ఆట ఆడి నేను మా అమ్మకి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను, ఏం మాట్లాడానో గుర్తులేదు. మన గోంగూర ఎక్కడుంది, మన అష్టాచెమ్మా ఎక్కడుంది అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

తెలుగు దానంతటది తెర మీదికి రాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా" అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ హడావుడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది, మీలో చాలామంది ఫోన్లకీ వచ్చే ఉంటుంది. నాకు నా ప్రాజెక్టులోనే ఎదురైంది. మొదట వాడిన ఇంజిన్‌లో ఆటగాళ్ళ పేర్ల దగ్గర "అమ్మమ్మ" అని టైపు చేస్తే తెర మీద "అమ్‌మమ్‌మ" అని వచ్చింది. ఒత్తు మ కిందకి వెళ్ళలేదు, పొల్లు పెట్టుకుని పక్కన నిలబడింది. అక్షరాలన్నీ ఉన్నాయి, అమ్మమ్మ లేదు. అప్పటిదాకా చేసిన పని వదిలేసి గొడో 4 అనే ఇంజిన్‌కి మారాను. 2023లో వచ్చిన ఆ వెర్షన్‌లో మన ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చునే ఏర్పాటు ఉంది, ఎవరో పూనుకుని చేశారు కాబట్టి ఉంది. "నీ వంతు" అనే గొంతు కూడా ఈ రోజుల్లో ఏఐతో చేయించొచ్చు, క్లాసులో కొందరు చేయించారు. నాకు మనసొప్పలేదు. అమ్మమ్మని వాట్సాప్‌లో అడిగితే పన్నెండు సార్లు చెప్పి పంపింది, ఏడోదాంట్లో వెనక కుక్కర్ విజిల్ ఉంది, అదే పెట్టాను.

పిల్లలకి హద్దులు పెట్టొద్దని నేను అనడం లేదు, పెట్టండి. మీ ఇంట్లో గంటంటే గంటే. కానీ ఆ గంటలో మన పిల్లలు ఏం ఆడుతున్నారు, ఎవరి పక్కన కూర్చుని ఆడుతున్నారు అన్నది కూడా మనం పట్టించుకోవాలి. కూచిపూడికి, కీర్తనలకి స్టేజీ ఇస్తున్నాం, వాటిలో ఒక్క నిమిషం కూడా తగ్గించమని అడగను. నాకు స్టేజీ వద్దు.

జులైలో పిక్నిక్ ఉంది. షెల్టర్ కింద ప్లగ్ ఉన్న స్తంభం పక్కన ఒక బల్ల ఇప్పించండి, మానిటర్ నేను తెచ్చుకుంటాను, రెండు పీటలు కూడా తెస్తాను, తెర ఇష్టంలేనివాళ్ళు వాటి మీద ఆడతారు. మీ ఇంటికి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని వెంటబెట్టుకు రండి. మీ ఊళ్ళో గుంటకి ఎన్ని వేసేవాళ్ళు, ఆట ముగిశాక మిగిలిన గింజలు ఎవరివి, వాళ్ళచేత చెప్పించండి, ఊరి పేరుతో సహా రాసుకుని ఆటలో పెడతాను. గుంటూరు అమ్మమ్మగారికి ఆగస్టు రెండో వారంలో తిరుగు టికెట్ ఉందట. కరీంనగర్ పెద్దమ్మగారు ఆవిడ ఫోన్ నంబర్ కోసం నన్ను అడిగారు, ఆ ఆట ఇంకా సగంలోనే ఉంది.