ఋషికుల్య తీరానికి దీపాలు పెట్టమంటున్న వారికి

బరంపురం తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఒడిశాలోని మన గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లను చూపించి జిల్లా బాగుపడవచ్చట. తీరం పొడవునా దీపాలు, రోడ్డు, రిసార్టులు రావాలట. అటవీశాఖ కంచెలు కట్టి జనాన్ని ఆపడం దండగట. మా ఇంటి గ్రూపులో దీన్ని పెట్టింది మా బావగారే. అక్కడే జవాబు రాయబోతే చాంతాడంత అయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

"7 లక్షల తాబేళ్లు వస్తుంటే నాలుగు పోతే నష్టమేమిటి?" అన్నది మొదటి మాట. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు లెక్కకు వచ్చిన మాట నిజమే. కానీ ఇదే తీరానికి గుంపు రానే రాని ఏళ్లు కూడా ఉన్నాయి. ఒక్కో తాబేలు నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. వాటిలో పెరిగి పెద్దయ్యేది వెయ్యికి ఒకటి అని అంచనా. ఒక ఏడాది పంట విరగపండిందని విత్తనపు గింజలు వండుకు తినే రైతు ఎవరైనా ఉన్నాడా?

రెండోది, మనిషి పక్కన నిలబడినా తాబేలు కదలదు కాబట్టి దానికి ఇబ్బందేమీ లేదని. గుడ్లు పెడుతున్న ఆ కాసేపు కదలదు, ఒప్పుకుంటాను. అంతకుముందు, నీళ్లలోంచి ఒడ్డుకు పాకే సమయంలో ఎదురుగా టార్చి వెలిగినా మనుషులు అటూ ఇటూ తిరిగినా వెనక్కి మళ్లిపోతుంది. వెళ్లిపోయినవి ఫొటోల్లో పడవు. ఫొటో చూసి రాసేవారికి అవి లేనట్లే.

ఇక దీపాల సంగతి. నాకు అసలు కోపం తెప్పించింది ఇదే. గుడ్లు పెట్టిన నెలన్నర, రెండు నెలలకు, ఎక్కువగా రాత్రి పూట, పిల్లలు ఇసుకలోంచి పైకి వస్తాయి. వాటికి దారి చూపేది వెలుగే. మామూలు రాత్రిలో సరుగుడు తోటలున్న ఒడ్డు నల్లగా ఉంటుంది, సముద్రం వైపు ఆకాశం కాస్త తేటగా ఉంటుంది. ఆ తేట వైపు నడుస్తాయి. ఒడ్డున బల్బు వెలిగితే అటే నడుస్తాయి.

ఆ తీరంలోనే ఉన్న పురుణబంధ అనే ఊళ్లో ఒక ఏప్రిల్ రాత్రి కళ్లారా చూశాను. అరచేతిలో సగం కూడా లేని నల్లటి పిల్లలు సముద్రానికి వీపు పెట్టి, ఒక ఇంటి వాకిట్లోని బల్బు వైపు పాకుతున్నాయి. వెనక ఇసుక మీద కుట్టు వేసినట్టు సన్నటి గీతలు. ఇంటావిడ గబగబా వచ్చి దీపం ఆర్పింది. పదేళ్ల కుర్రవాడు వంగి ఒక్కొక్కటే ఏరి ప్లాస్టిక్ బకెట్టులో వేస్తున్నాడు. అడుగున అవి గీకుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. తెల్లవారేలోగా ఏరకపోతే కాకులు, కుక్కలు ఏరుకుంటాయి. ఒక్క బల్బుకే ఇంత పని. తీరం పొడవునా దీపాలు పెట్టాక ఎన్ని బకెట్లు కావాలో ఆ సందేశం రాసినవారు చెప్పలేదు.

కంచె గురించి ఒక్క మాట. అది మన నుంచి తాబేళ్లను దాచడానికి వేసింది కాదు, కుక్కలను, నక్కలను ఆపడానికి వేసిన వల.

"తాబేళ్లను చంపేది జాలరులే" అన్న మాటలో సగం నిజముంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, పెద్ద మరబోట్లు ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. అందుకే ఈ ముఖద్వారం నుంచి 20 కిలోమీటర్ల మేర నవంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాలర్లతో, మోటారు పడవలతో చేపల వేట నిషేధం. ఆ ఏడు నెలల భారం మోస్తున్నది ఎవరు? పొడంపేట లాంటి ఊళ్లలోని చిన్న మోటారు పడవలవాళ్లు, మన భాష మాట్లాడేవాళ్లు. సముద్రం కోసేస్తే ఊరు వదిలి వెనక్కి జరిగిన కుటుంబాలు కూడా వాళ్లలో ఉన్నాయి. పెద్ద మరబోటు చేసిన తప్పుకు వాళ్లను హంతకులనడం అన్యాయం.

రిసార్టులు వస్తే వాళ్లకే డబ్బు అంటున్నారు. కాపలా ఉద్యోగం, గదులు ఊడ్చే ఉద్యోగం వస్తాయేమో! చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊరికి వెళ్లి చూడండి. ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు ఇంజను లేని పడవను గడకర్రతో నడుపుతూ వాటిని చూపిస్తున్నారు. 2018లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పురస్కారం కూడా ఆ ఊరికి వచ్చింది. అక్కడ అమ్ముడుపోయేది గది కాదు, రెల్లు చాటున ఉన్న పక్షిని పసిగట్టే ఆ కన్ను. (అన్నట్టు, మన గంజాం జిల్లాలోనే భేట్నోయి రైతులు తమ చేలు మేసే కృష్ణజింకలను తరతరాలుగా ఏమీ అనడం లేదు. వాళ్లకు ఏ రిసార్టూ ఈ సంగతి నేర్పలేదు.)

ఋషికుల్యకూ జనం రావచ్చు. రాత్రికి కొద్దిమందే, ఊరివాళ్ల వెనకే, ఫ్లాష్ లేకుండా. రుసుము మొదట చేరాల్సింది చేపల వేట మానుకున్న ఇళ్లకే. గదులు కావాలంటే బరంపురంలో, గోపాల్‌పూర్‌లో బోలెడున్నాయి.

బావగారూ, ఏప్రిల్లో రండి, కలిసి వెళదాం. టార్చి ఇంట్లోనే వదిలేయండి, బకెట్టు నేను తెస్తాను.